ఇనుము కాలదు

ఏప్రిల్ 14

మా ఆయన నిన్న కూడా బయటే పడుకున్నాడు. ఇల్లు కాలినాక ఎదురింటి గోవిందమ్మ మాకిచ్చిన గది చిన్నది. దాని స్లాబు పగలంతా కాగి, ఆ వేడినంతా పొద్దు గూకినాక మా మీదికి దింపుతుంది. ప్రొద్దుటూరు ఎండల్లో ఇంట్లో ఎవరు పడుకుంటారు? మా వీధి పొడుగునా మంచాలే. ఇందులో పట్టించుకోవాల్సింది ఏమీ లేదు.

అన్నం కూడా బయటే తిన్నాడు. దానికీ ఎండే కారణం అనుకుంటున్నాను.

ఏప్రిల్ 17

రిపోర్టు రాసుకోవడానికి అగ్నిమాపక ఆఫీసరు మళ్ళీ వచ్చినాడు. మా ఆయన నోరు విప్పడు కాబట్టి జవాబులన్నీ నేనే చెప్పినాను, నిప్పు అంటుకున్న పొద్దు నేను ఊర్లో లేకపోయినా. వీధి వైపు ఉండింది రేకుల షెడ్డు సార్. ఇనుప యాంగిళ్ళ మీద రేకులు, రేకుల కింద థర్మాకోల్. అందులోనే దూదేకే మిషను, దూది మూటలు, కుట్టిన పరుపులు. షెడ్డు వెనకగోడకున్న వాకిలి దాటితే మా ఆయన తాత కట్టించిన పాత మిద్దె. వేప దూలాలు, వాటి మీద బండలు, బండల మీద మట్టి. మిద్దెలో నుంచి పెరట్లోకి వాకిలి ఉంది. దూదిలో ఏదో ఇనుప ముక్క ఉండి మిషన్లో రవ్వ లేచిందంటున్నారు.

థర్మాకోల్ ఎందుకు కొట్టించినారని అడిగినాడు. మా అత్త కోసమని చెప్పినాను. మొన్నటి తుపాను వానలకు మిద్దెలో వంటింటి మూల ఒక బండ జారి పడింది. ఆ పొద్దు నుంచి మా ఆయన తల్లిని మిద్దె కింద కూర్చోనిచ్చేవాడు కాదు. కుట్టుపని షెడ్డులోనే చేసుకోమన్నాడు. ఆమె ఊరుకునే మనిషా? పెనం మీద రొట్టె మాదిరి కాలుతాండానని పొద్దస్తమానం గొణిగేది. అందుకని రేకుల కింద థర్మాకోల్ కొట్టించినాడు. తల్లికి చల్లగా ఉండాలని కొట్టించినాడు సార్, అంతకంటే ఏమీ లేదు.

ఆ రేకుల కిందే మా అత్త ఖమ్రున్నీసా పోయింది. ఆ మాట ఆఫీసరు నన్ను అడగలేదు. అది ముందే రాసుకున్నట్టున్నాడు.

వంగిపోయిన యాంగిళ్ళను బూటుతో కదిలించి చూసి, "ఇనుము కాలదమ్మా, మెత్తబడతాది. అది మెత్తబడితే పైనున్నదంతా కిందికే," అన్నాడు. మా ఆయన నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు. నేను టీ తెస్తానని లేచినాను.

మే 2

రోజూ పొద్దున్నే కాలిన చోటికి పోతున్నాడు. బూడిద ఎత్తిపోస్తున్నాడట. మధ్యాహ్నానికి వస్తాడు, గోళ్ళ నిండా నలుపు. ఎంత రుద్దినా పోదు. కాలిన దూది నలుపు అట్లాంటిదే.

నిన్న అత్త దబ్బనం దొరికింది. పరుపు అంచు కుట్టే పెద్ద దబ్బనం, ఆమె దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. పిడి కాలిపోయింది, సూది బాగానే ఉంది. నాకు చూపించి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మే 12

అత్తకు నలభయ్యో దినం చేసినాము. వీధిలోనే షామియానా వేయించినాము కాబట్టి ఆయన బయట ఉండటం ఎవరికీ వింతగా అనిపించలేదు. నాకు దానికే సంతోషం వేసింది, చావు వంట దగ్గర నిలబడి సంతోషపడినందుకు మళ్ళీ సిగ్గేసింది.

జమ్మలమడుగు నుంచి మా వదిన సైదున్నీసా వచ్చింది. ఆయన అక్క. ఆమె ఏడుపు నాకు భయం లేదు, ఆమె ప్రశ్నకే భయం. భోజనాలు అయినాక తమ్ముడి పక్కన కూర్చుంది. "అమ్మ యాడ నిలబడి ఉండె రా అప్పుడు? మిద్దె వాకిలి పక్కనే కదా ఆమె కూర్చునేది? పెరట్లోకి ఎందుకు ఉరకలేదు?" అని అడిగింది.

ఆయన లేచి వెళ్ళిపోయినాడు. పొగకు దారి కనపడి ఉండదు వదినా అని నేనే చెప్పినాను. అట్లాగే జరిగి ఉంటుంది.

మే 28

పులివెందులకు పోయివచ్చినాము. నా తమ్ముడు షాహుల్ రమ్మని ఒకటే పోరు. నిప్పు అంటుకున్న పొద్దు నేను ఉన్నది వాడి ఇంట్లోనే. ఆ పొద్దు కొత్త ఇంట్లో దువా పెట్టించి, ఊరందరికీ బిర్యానీ పెట్టినాడు. నేను రెండోసారి కూర వడ్డించుకుంటుండగా ఫోను వచ్చింది. మళ్ళీ ఆ ఇంట్లో అన్నం ముద్ద దిగలేదు నాకు.

కువైట్ నుంచి వచ్చి కట్టించిన ఇల్లు. పిల్లర్లు, బీములు, స్లాబు. హాల్లో పైకప్పు కింద ఇంకో కప్పు, దాని నిండా లైట్లు. షాహుల్ గది గది తిప్పి చూపించాలని ఉబలాటపడుతున్నాడు, ఆయన మాత్రం గేటు లోపలికి వచ్చి, వరండా దాకా కూడా రాకుండా నిలబడిపోయినాడు. అక్కడి నుంచే అడిగినాడు, ఆ లోపలి సీలింగు దేంతో చేసినారని.

పీవీసీ బావా, చెద పట్టదు అన్నాడు షాహుల్.

"నిప్పు పట్టదా?"

షాహుల్ నా వైపు చూసినాడు. ఆయన ఇంకా అడిగినాడు, స్లాబులో కమ్మీల కింద సిమెంటు ఎంత మందం వదిలినారని. మందం చాలకపోతే వేడి కమ్మీకి తొందరగా తగులుతుందట. టైల్సు ఏ ఊరి నుంచి తెప్పించినాడో, కొళాయిలు ఏ కంపెనీవో మా షాహుల్ నిద్రలో కూడా చెబుతాడు. ఇది మాత్రం తెలియదు. మేస్త్రీని అడిగి చెబుతానన్నాడు.

షాహుల్ పెళ్ళాం పళ్ళెం బయటికే తెచ్చి పెట్టింది. బస్సులో వస్తూ, ఇంటికి పిలిచినవాళ్ళను అట్లా అడగొచ్చా అని కోప్పడినాను. ఆయన కిటికీ లోంచి అరటి తోటలు చూస్తూ కూర్చున్నాడు. బస్సులో ఎట్లా కూర్చున్నాడో మరి, దానికీ పైకప్పు ఉంటుంది కదా. బస్సుకు రెండు వాకిళ్ళు ఉన్నాయి, అందుకేనేమో.

ఇప్పుడు రాసినాక అర్థమవుతోంది, నాకు ముందే తెలుసని. ఎండ కాదు ఇది.

మే 29

ఎండ కూడా ఉంది. నలభై నాలుగు అంటున్నారు.

జూన్ 9

జమ్మలమడుగులో వదిన దగ్గర రెండు రోజులున్నాము. వదినది ఇంకా పాత కాలం మిద్దె. బండలు కూడా లేవు, లావు దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచిన దంతెలు, ఆపైన చౌడు మట్టి. ఎంత ఎండలోనైనా లోపల చల్లగా ఉంటుంది. ఆయన అరుగు మీద కూర్చొని, తెరిచిన తలుపు లోంచి ఆ దూలాలనే చూస్తూ ఉన్నాడు. లోపలికి రా తమ్ముడా అని వదిన ఎన్నిసార్లు పిలిచినా రాలేదు.

పెరట్లో బర్రెకు వేసిన బోదగడ్డి కొట్టం ఉంది. అది అంటుకుంటే ఏమవుతుందో అని వదినే ఏదో మాటకు అనింది. దానికి ఆయన మామూలుగా, చాలా రోజుల తర్వాత మామూలు గొంతుతో జవాబు చెప్పినాడు.

"కొట్టం అంటుకుంటే అందరూ బయటికి ఉరుకుతారు అక్కా. దాన్ని ఎవురూ నమ్మరు కదా. నమ్మినదాని కిందే నిలబడిపోతారు."

వదిన ఇంకేదో అడగబోయింది. నేను బర్రె పాల సంగతి ఎత్తినాను.

జూన్ 21

గోవిందమ్మ ఈ పొద్దు వాకిట్లో బియ్యం ఏరుకుంటూ ఒక మాట చెప్పింది. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకుందట. ఆ పొద్దు ఆమె మా షెడ్డుకు ఎదురుగా వీధిలోనే ఉంది. మా ఆయన అత్తను చూసి అరిచిన మాట తన చెవులతో విన్నది.

ఆ మాట ఇక్కడ రాయను.

జూన్ 22

రాయను.

జూలై 6

సాయంత్రం పెద్ద వాన. ఇన్నాళ్ళూ ఎండ మీద నెట్టుకొచ్చినాను, ఇప్పుడు ఏమని చెప్పుకోవాలి? వీధిలో మంచాలన్నీ క్షణంలో లోపలికి పోయినాయి. ఆయన ఒక్కడే ఖాళీ గోనెసంచి తలకు కప్పుకొని వేపచెట్టు మొదట్లో కూర్చున్నాడు. గోవిందమ్మ మనవరాలు కిటికీ లోంచి చూసి నవ్వింది. దాన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది. చిన్నపిల్ల, దానికేం తెలుసు.

గొడుగు తీసుకుపోయి పక్కన నిలబడినాను. ఇద్దరమూ తడిసినాము. లోపలికి రమ్మని నేను అడగలేదు, రాలేనని ఆయన చెప్పలేదు. నాకు ఆయన మీద జాలి కంటే కోపమే ఎక్కువగా ఉంది, ఆయన మీద కాదు, ఎవరి మీదో. అత్త మీద కూడా కొంచెం. కొడుకు చెప్పిందల్లా వినే అలవాటు ఆ ఒక్క పొద్దు మానుకొని ఉంటే ఏమయ్యేది? ఎన్నడూ నా మాట వినలేదు ఆమె, కొడుకు మాట మాత్రం జవదాటేది కాదు.

రాయనన్నదాన్ని చుట్టూ తిరిగి రాస్తున్నాను.

జూలై 15

వానాకాలం ముదిరేలోపు ఏదో ఒక కప్పు వేయించాలి. ఆయన వచ్చి పడుకునే కప్పు ఏదైనా ఉంటే చాలు, ఏ రకమైనా సరే. ఆయన ఏటికి స్నానానికి పోయిన సమయం చూసి నాగేంద్ర మేస్త్రీని పిలిపించినాను. ఈ ఊర్లో సగం ఇళ్ళు తానే కట్టినానని చెప్పుకుంటాడు, మిగతా సగం పడిపోతాయని కూడా చెబుతాడు.

మిద్దె లోపలికి పోయి దూలాలను సుత్తితో కొట్టి చూసినాడు. గోడలు చూసినాడు. నీళ్ళ ట్యాంకరు వాళ్ళు కాగిన బండల మీద నీళ్ళు కొట్టినందుకు కొన్ని పగిలినాయంట, అవి మార్చాలన్నాడు. దూలాలు మాత్రం పైన రెండు వేళ్ళ మందం బొగ్గు అయినాయి, లోపల చెక్క చెక్కుచెదరలేదన్నాడు.

"లావు కట్టె అట్లాంటిది అక్కా. పైన కాలిన బొగ్గే లోపలిదాన్ని కాపాడతాది. ఈ మిద్దె ఆ పొద్దూ పడేది కాదు, ఇప్పుడూ పడదు."

ఆ పొద్దూ పడేది కాదు. అత్త వాకిలి దాటి నాలుగు అడుగులు లోపలికి వేసి ఉంటే పెరట్లోకి దారి.

కూల్చేయి నాగేంద్రా అన్నాను. మొత్తం కూల్చేయి, ఒక్క దూలం మిగలకూడదు. పుచ్చిపోయినాయని మీ బావకు నేను చెబుతాను, నువ్వేమీ చెప్పాకు. అతను నన్ను వింతగా చూసినాడు. ఇట్లాంటి కట్టె ఇప్పుడు దొరకదక్కా అని గొణిగినాడు. నీకెందుకు, చెప్పింది చేయి అన్నాను.

నేను చేస్తున్నది ఆయన కోసమే. ఈ దూలాలు నిలబడి ఉన్నన్నాళ్ళూ ఏదో ఒక పొద్దు ఎవరో ఒకరు ఆయనకు చెబుతారు, ఇది పడేది కాదని. పడిపోయిన ఇల్లు ఎవరికీ ఏమీ చెప్పదు.

జూలై 16

దూలాలు పుచ్చినాయని ఆయనకు చెప్పినాను. ఊ అన్నాడు. నా ముఖం కేసి చూస్తూ ఊ అన్నాడు.

జూలై 27

గోళ్ళలో నలుపు ఇంకా పోలేదు. బూడిద ఎత్తిపోసి నెల దాటింది కదా, ఇంకా ఎక్కడిది?

కూల్చడానికి తేదీ కుదిరింది. ఆ పొద్దుకు ఆయనను ఊరు దాటించాలి.

ఆగస్టు 3

వదినకు ఒంట్లో బాగలేదని అబద్ధం చెప్పి పొద్దున్నే జమ్మలమడుగు బస్సుకు పంపించినాను. ఆయన పోగానే నాగేంద్ర నలుగురు మనుషులతో వచ్చినాడు. ఇద్దరు పైకెక్కి మట్టి లాగేస్తున్నారు. లోపల ఒకతను దూలం ఆనిన గోడ మీద సమ్మెట ఎత్తినాడు. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను.

నా పక్కన నుంచి ఎవరో లోపలికి పోయినారు. చొక్కా చూసేదాకా ఆయనేనని తెలియలేదు. బస్సు ఎక్కనే లేదన్నమాట. ఏప్రిల్ నుంచి ఏ కప్పు కిందా తల పెట్టని మనిషి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు నేరుగా లోపలికి నడిచి, ఆ సమ్మెట ఎత్తినతనికీ గోడకూ మధ్య నిలబడినాడు. మిద్దె తక్కువ ఎత్తు. చెయ్యెత్తి అరచేతిని దూలానికి ఆనించినాడు.

పని ఆపమన్నాడు. ఇది పుచ్చిందని ఎవరు చెప్పినారని నాగేంద్రను అడిగినాడు. నాగేంద్ర నా వైపు చూసినాడు, తర్వాత నేల చూసినాడు. మనుషులను పిలుచుకొని టీకి పోయినాడు.

ఆయన నా మణికట్టు పట్టుకొని బయటికి, షెడ్డు ఉండిన వైపుకు తీసుకుపోయినాడు. ఆ దూలం కొస గోడ బయటికి జానెడు పొడుచుకొని వచ్చి ఉంటుంది. షెడ్డు పోయినాక అది ఇప్పుడు ఆకాశం కిందే. ఆ కొస మీద ఒకచోట బొగ్గంతా గీకేసి ఉంది, ఓపికగా, అరచేతి వెడల్పున, లోపలి ఎర్రటి చెక్క కనపడేదాకా. జేబులోంచి అత్త దబ్బనం తీసి ఆ చెక్కకు ఆనించి నొక్కినాడు. దిగలేదు. ఇంకా గట్టిగా నొక్కినాడు, దిగలేదు. ఈ మూడు నెలలూ ఆయన గోళ్ళలో ఉన్నది ఈ బొగ్గే.

నేను అబద్ధం చెప్పినానని ఒప్పుకున్నాను. ఎందుకు చెప్పినావని అడగలేదు.

"నాకు తెలియకూడదని సెప్పినావు. తెలియని దినం ఒకటన్నా ఉంటే కదా మాబున్నీ."

ఆ తర్వాత అది చెప్పినాడు, గోవిందమ్మ చెప్పగా విని నేను రాయను రాయను అన్నది. గోడకు వీపు ఆనించి, నన్ను చూడకుండా చెప్పినాడు.

"మిషను కాడ మంట చిన్నదే. నీళ్ళు తెచ్చి ఆర్పేస్తా అనుకున్నా. అమ్మ లేసి మిద్దె వాకిలి దాటబోయింది. ఒక కాలు లోపల పెట్టింది. నేనే అరిసినా. అమ్మా, మిద్దె కిందికి పోవాకు, బండలు మీద పడతాయి. ఈడే నిలబడు, ఇనుము కాలదు అని. నా మాట ఇని ఆ కాలు ఎనక్కి తీసుకుంది. నేను వీధి కొళాయి కాడికి పోయినా. బకెట్ నిండేలోపే..."



బండ పడటం నువ్వు కళ్ళారా చూసినావు, ఇనుము పడటం అంతవరకు ఈ వీధిలో ఎవరూ చూడలేదు, నీ చోట నేనున్నా ఆ మాటే అరిచేదాన్ని అని చెప్పినాను. ఇది అబద్ధం కాదు. నేను నిజంగానే అరిచేదాన్ని. ఈ వీధిలో ఎవరైనా ఆ మాటే అరిచేవారు. ఆ మాట ఆయనకు చాలదని నాకు తెలుసు, అయినా నా దగ్గర ఇంకో మాట లేదు.

మధ్యాహ్నం వాన వచ్చింది. ఆయన మిద్దెలోకి పోయి, వాకిలికి లోపలి వైపు, అత్త ఆ కాలు పెట్టిన చోట గోడకు ఆనుకొని కూర్చున్నాడు. పగిలిన బండల సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. గిన్నె తెమ్మన్నాడు. తెచ్చినాను. ఆయన పక్కన కూర్చొని నేను పెద్దగా ఏడ్చినాను. అత్త పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆయన గిన్నె నిండినప్పుడల్లా వీధిలోకి పారబోసి మళ్ళీ తెచ్చి పెట్టినాడు.

ఆగస్టు 4

దూలం కింద తడవని చోట చాప వేసుకొని అక్కడే పడుకున్నాడు.

ఆగస్టు 19

పగిలిన బండలు మార్చినారు. దూలాలకు బొగ్గు గీకి నూనె పట్టించినారు, ఆ పొద్దు తాను చెయ్యి ఆనించిన ఒక్కదానికి మాత్రం బొగ్గు గీకొద్దని ఆయన అన్నాడు. పెరటి వాకిలికి తలుపు రెక్కలు తీసేయించినాడు. కుక్కలు వస్తాయంటే రానీ అన్నాడు. నాగేంద్ర నాతో మునుపటి మాదిరి మాట్లాడటం లేదు, చెడిన కట్టెకూ మంచి కట్టెకూ తేడా తెలియనివాడని నా వల్ల వీధిలో పేరు వచ్చిందట. రెండు పూటలు అన్నం పెట్టినాక కొంచెం మెత్తబడినాడు.

వీధి వైపు ఈసారి రేకులు వద్దనుకున్నాము. ఇటుక గోడ లేపి మిషను గది ఒకటి, దూది గది ఒకటి వేరువేరుగా కట్టుకోవాలి. అది నెమ్మదిగా జరుగుతుంది.

సెప్టెంబరు 18

వదిన వచ్చింది. రమ్మని ఆయనే ఫోను చేసినాడు, ఎందుకో నాకు చెప్పలేదు గానీ తెలుసు. అమ్మ పెరట్లోకి ఎందుకు ఉరకలేదన్న ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే.

నేను మిద్దెలో పొయ్యి ముందర ఉన్నాను. వదిన వాకిలి దాకా వచ్చి చెప్పులు విడిచి, పైకి చూసి ఆగిపోయింది. నల్లటి దూలం, దాని మీద అంత బరువు బండలు. ఎవరికైనా భయం వేస్తుంది. ఒక కాలు గడప లోపల పెట్టింది, మళ్ళీ వెనక్కి తీసుకోబోయింది. ఇది మీద పడదు కదా అని అడిగింది.

ఆయన పరుపు కుడుతున్నాడు, అత్త దబ్బనంతోనే, దానికి కొత్త పిడి వేసుకున్నాడు. కుట్టు ఆపి తలెత్తి అక్క కాలి వైపు చూసినాడు. చేతిలో దారం అట్లాగే ఉండిపోయింది.

"రా అక్కా," అన్నాడు. "లోపలికి రా. పడదు."

వదిన లోపలికి వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది.